సున్నా నంబరు సీసా

గంజి కాయడం నాకు కొత్త కాదు.
కొత్తవాడలో మా నాయన పడుగుకు పెట్టే గంజి
చిక్కబడే ఘడియను వాసనతోనే చెప్పేవాణ్ణి.
కాలేజీ ల్యాబులో కాచింది ఆలుగడ్డ గంజి, అంతే తేడా.
గాజు పలక మీద పోసి, చల్లారనిచ్చి,
బ్లేడుతో గాట్లు పెట్టి
ఒక్కో గాటులో ఒక్కో మనిషి నెత్తురు చుక్క.
ఇటు మైనస్ తీగ, అటు ప్లస్ తీగ.
రాత్రంతా కరెంటు ఉంటే
తెల్లారేసరికి హిమోగ్లోబిన్
నడవగలిగినంత దూరం నడిచి ఆగేది.
రాత్రంతా కరెంటు ఉంటే.
అది వరంగల్, ఎనబై మూడు, ఎండాకాలం.

ప్రొఫెసర్ గారికి ఒక టేబుల్ కావాలి:
కోయలు, నాయకపోళ్ళు, లంబాడీలు, పద్మశాలీలు,
ఎవరిలో ఎంత శాతం కొడవలి కణం.
నాకు బస్సు చార్జీలు, రెండు థర్మాసులు,
స్టేషన్ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి
రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ.
పస్రా దాటినంక రోడ్డు లేదు.
బండాయన ఒక ముక్క అడిగి తీసుకుని
గూడెం వచ్చేదాకా చప్పరించాడు.

సూది చూసి పిల్లలు ఇప్పచెట్ల వెనక్కి పోయారు.
ఇరుప జోగమ్మ ఒక్కతే వచ్చి కూర్చుంది,
చెయ్యి మాత్రం చాపలేదు.
"ఎత్తుకపోతరు. ఏం జేస్తరో చెప్పరు.
ముందు నీది తియ్యి, చూస్త."

తీసుకున్నాను. ఎడమ చెయ్యి,
రబ్బరు పట్టీ పళ్ళతో బిగించి.
లిస్టులో లేని మనిషిని గనక సీసా మీద సున్నా అని రాశాను.
ఆమె దాన్ని ఎండకు పట్టి చూసి
"ఎర్రగనే ఉన్నది" అని, చెయ్యి చాపింది.
జోగమ్మ నంబరు ఒకటి.
పొద్దుగూకేసరికి ఎనబై ఆరు.

మామూలు నెత్తురు ఎట్లా నడుస్తుందో చూపడానికి
పలక చివర ఒక సాక్షి గీత ఉండాలి.
సున్నాను అక్కడ పెట్టాను.
నేను మామూలే కదా.

రంగు వేసి కడిగితే గీతలు తేలాయి
జంపఖానా అంచులాగా.
చాలామందికి ఒకటే గీత.
కొందరికి రెండు: ఒకటి ముందు, ఒకటి కాస్త వెనకబడి,
తల్లి ఇచ్చిందొకటి, తండ్రి ఇచ్చిందొకటి.
జోగమ్మకు రెండు.
సున్నాకు రెండు.

గంజి సరిగ్గా కాగలేదనుకున్నాను.
మళ్ళీ కాచాను. మూడోసారి కుడిచేతి నెత్తురు.
ప్రొఫెసర్ గారు తలెత్తకుండానే
"కంట్రోల్ పాడైందయ్యా, అటెండర్ది తీసుకో" అన్నారు.
అటెండర్ గౌసుద్దీన్‌కు ఒకటే గీత.
టేబుల్ సరిపోయింది.
అచ్చయిన కాగితంలో ఎనబై ఆరుమంది,
ఒక్కో కులానికి ఒక్కో గడి,
గడికీ గడికీ మధ్య స్కేలు పెట్టి కొట్టిన గీత.

మా నాయనమ్మ పుట్టిల్లు ఎక్కడని అడిగితే
"గోదారి దిక్కు" అనేవాళ్ళు, మాట మార్చేవాళ్ళు.
ఆ చలిజ్వరాల అడవిలో
ఈ రెండో గీత ఉన్నందుకే ఎవరో
బతికి బట్టకట్టి ఉంటారు.
బట్టకట్టడమంటే మావాళ్ళకు తెలిసిన అర్థం వేరు.
మగ్గం ముందు కూర్చున్న నాయనకు
ఇదంతా ఎట్లా చెప్పాలో తెలియక
బాబిన్లు చుట్టిపెట్టి లేచాను.

ఎవరూ పొమ్మనకపోయినా మళ్ళీ పోయాను.
జోగమ్మ ఇప్పపువ్వు ఆరబోస్తోంది.
నీకు రెండు గీతలున్నాయి, జబ్బు కాదు,
మనవరాలికి సంబంధం చూసినప్పుడు
ఆ పిలగాని నెత్తురు కూడా చూపించు, అన్నాను.
నాకూ రెండే, అని ఊరుకోలేక అన్నాను.

పువ్వు నెరుపుతున్న చెయ్యి ఆగింది.
"అట్లనా. మరి నీది ఏ గట్టు?"
తెలీదన్నాను.
"తెల్వకుంటె ఎట్ల?
తమ్మునివో మరిదివో ఏమని పిలవాలె నిన్ను?
పోయి అడిగి రా."

అడగడానికి అప్పటికే నాయనమ్మ లేదు.
చాప మీద పువ్వు కొంచెం పక్కకు జరిపి
కూర్చోమంది.